బొగ్గుల గ్రిల్ మీద మంట ఎగదన్నకుండా వండుకోవడం ఎలా

రెండేళ్ల కిందట జూలై 4న డాలస్ దగ్గర మా ఇంటి పెరట్లో 18 మందికి చికెన్ కాల్చే పని నెత్తిన వేసుకున్నాను. అంతమందికి నిప్పు చాలదేమోనని భయపడి 16 పౌండ్ల బొగ్గు సంచి, అంటే 7 కిలోలకు పైనే, మొత్తం గ్రిల్‌లో బోర్లించి, దాని మీద లైటర్ ఫ్లూయిడ్, అంటే బొగ్గు ముట్టించడానికి వాడే ద్రవం, సీసాలో సగం పోసి అగ్గిపుల్ల గీశాను. మంట నా ఛాతీ దాకా లేచింది. పావుగంటకి కాస్త తగ్గినట్టు కనిపిస్తే లెగ్ పీసులు పేర్చాను, మసాలాలోని నూనె, తోలులోని కొవ్వు కరిగి బొగ్గుల మీద పడటం మొదలవగానే మళ్లీ అంత ఎత్తున మంట, ఈసారి నల్లటి పొగతో. ఇండియా నుంచి వచ్చిన మా మామయ్యగారు బకెట్‌తో నీళ్లు తెచ్చి పోయబోతుంటే మా ఆవిడ "నాన్నా, వద్దు, ఆగు" అని ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. గ్రిల్‌కి నాలుగైదు అడుగుల దూరంలో ఉన్న ఇంటి గోడకి బయటివైపు బిగించిన ప్లాస్టిక్ పలకల తొడుగు, వినైల్ సైడింగ్, వేడికి మైనంలా మెత్తబడి వంకర తిరిగింది. పైన బొగ్గులా మాడిన ముక్కని విరిచి చూస్తే ఎముక దగ్గర ఎర్రగా పచ్చి. అప్పుడు ఆ గ్రిల్ చుట్టూ ఎనిమిది మంది పిల్లలు ఆడుకుంటున్నారు, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

ఆ తర్వాత రెండు వేసవులు దాదాపు ప్రతి శనివారం వండాను. నేర్చుకున్నదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ దగ్గర 22 అంగుళాల గుండ్రటి మూత గ్రిల్ ఉందనుకుని లెక్కలు చెబుతున్నాను, ఎందుకంటే మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది అదే.

ముందు చోటు చూసుకోండి

ఇంటి గోడ, చెక్క ఫెన్సు, ప్యాటియో కప్పు, చెట్టుకొమ్మ, వీటిలో ఏదీ గ్రిల్‌కి 10 అడుగుల లోపల ఉండకూడదు. వాన పడుతోందనో ఎండగా ఉందనో ప్యాటియో కప్పు కిందకి లాక్కోవాలనిపిస్తుంది, లాక్కోకండి. వినైల్ సైడింగ్ అంటుకునే దాకా అక్కర్లేదు, ఊరికే వేడి తగిలినా వంగిపోతుంది, తర్వాత దాన్ని మార్పించడానికి అయ్యే ఖర్చు వింటే మీకు ఇంకోసారి గ్రిల్ ముట్టించాలనిపించదు. గడ్డి ఎండిపోయి ఉంటే గ్రిల్ కింద, చుట్టూ ముందే తడపండి. టెక్సాస్‌లో ఎండలు ముదిరినప్పుడు కౌంటీలు బర్న్ బ్యాన్, అంటే ఆరుబయట నిప్పు పెట్టడం మీద నిషేధం, పెడతాయి, పెరటి వంట మీద ఏ షరతులున్నాయో కౌంటీ సైటులో ఒకసారి చూసి మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో బొగ్గుల గ్రిల్ చాలా చోట్ల నిషేధం, నిషేధం లేకపోయినా నేనైతే పెట్టను.

గ్యారేజీలోకి, అది కూడా తలుపు సగం ఎత్తి ఉంచాం కదా అని, ఎప్పుడూ తీసుకెళ్లకండి. బొగ్గు కాలినంతసేపూ, ఆరిపోయినట్టు కనిపించాక కూడా, కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలంలో గది తలుపులు మూసి కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారేసరికి లేవనివాళ్ల వార్తలు మన దేశంలో ఏటా చదువుతూనే ఉంటాం, గ్యారేజీలో గ్రిల్ కూడా సరిగ్గా అలాంటిదే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డాబా మీద పెట్టుకునేవాళ్లు ఇంకో నాలుగు చూసుకోవాలి: షామియానా గుడ్డ, బట్టలారేసే తాడు, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, పిట్టగోడ మీదుగా వెళ్లే కేబుల్ వైర్లు. డిసెంబర్ 31 రాత్రి అయితే సీరియల్ లైట్లు కూడా. పైన గాలి కింద కంటే ఎక్కువ ఉంటుంది, గాలివాటం ఎటు ఉందో చూసి, నిప్పురవ్వలు మనుషుల వైపు కాకుండా ఖాళీ వైపుకి పోయేలా పెట్టండి.

బొగ్గు లెక్కపెట్టండి

మంట పెద్దదయ్యే తప్పు మంట పెట్టక ముందే జరిగిపోతుంది. గ్రిల్ లోతు చూసి అది నిండేదాకా బొగ్గు పోయాలేమో అనిపిస్తుంది. మామూలు సైజు చిమ్నీ, అంటే బొగ్గు ముట్టించుకోవడానికి వాడే పిడి ఉన్న రేకు గొట్టం, నిండా పోస్తే దాదాపు 100 బ్రికెట్లు, అంటే బొగ్గుపొడిని నొక్కి ఒకే సైజులో చేసిన బిళ్లలు, పడతాయి. 22 అంగుళాల గ్రిల్‌కి అదే గరిష్ఠం అనుకోండి. లెగ్ పీసులకి, టిక్కా ముక్కలకి, మొక్కజొన్న పొత్తులకి 50 నుంచి 60 చాలు. పనీర్, ఉల్లిపాయ, క్యాప్సికం ఊచలకి 40 ఉన్నా సరిపోతాయి. ఆ రోజు నేను పోసింది దాదాపు మూడు చిమ్నీలకు సరిపడే బొగ్గు.

"మరి 18 మంది కదా" అంటారు. దోసెలు వేసేటప్పుడు ఇంటికి చుట్టాలొచ్చారని పొయ్యి మంట పెంచుతామా? ఇంకో నాలుగు వాయిలు వేస్తాం. ఇక్కడా అంతే. మంది పెరిగితే వాయిలు పెంచండి, నిప్పు పెంచకండి. ఒక వాయి దిగాక దాన్ని ఫాయిల్ మూసిన ట్రేలో ఓవెన్‌లో 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెడితే వేడిగానే ఉంటుంది. వంట గంట దాటేలా ఉంటే అరగంటకో ముప్పావుగంటకో పది పన్నెండు బ్రికెట్లు వేసుకుంటూ పోవాలి, వాటిని కూడా పక్కన చిమ్నీలో రాజేసుకుని వేస్తే ఇంకా మంచిది. ముందే ఫ్లూయిడ్ పట్టించి అమ్మే బ్రికెట్లుంటాయి, వాటిని మాత్రం వంట మధ్యలో వేయకండి, ఆ వాసనంతా ముక్కకి పడుతుంది.

మన దగ్గర దొరికే కట్టెబొగ్గుకి ఈ లెక్క కుదరదు. ముక్కలు చిన్నా పెద్దా ఉంటాయి, బ్రికెట్ కంటే త్వరగా అంటుకుంటుంది, ఎక్కువ వేడి ఇస్తుంది, త్వరగా అయిపోతుంది. చెమ్మ తగిలి ఉంటే చిటపటమని పేలి రవ్వలు ఎగురుతాయి. సంచిని ముందురోజు ఎండలో పెట్టి, పొడినీ చిన్న ముక్కల్నీ జల్లించి తీసేసి, కోడిగుడ్డు సైజు ముక్కలు ఏరుకుని రెండు వరసలకి మించకుండా పరవండి.

ముట్టించడం

చిమ్నీ కొనుక్కోండి. ఈ వ్యాసంలో నేను కొనమని గట్టిగా చెప్పే రెండు వస్తువుల్లో ఇది మొదటిది. పై భాగంలో లెక్కపెట్టిన బొగ్గులు, కింది అరలో రెండు న్యూస్‌పేపర్ కాగితాలు వదులుగా నలిపి పెట్టండి, గట్టిగా కుక్కితే గాలి ఆడదు. కాగితం మీద ఒక స్పూను వంటనూనె చిలకరిస్తే ఇంకాస్త ఎక్కువసేపు మండుతుంది. చిమ్నీని గ్రిల్ లోపలి కింది జాలీ మీద నిలబెట్టి కాగితానికి నిప్పు పెట్టండి. గడ్డి మీద, చెక్క డెక్ మీద, సిమెంటు గచ్చు మీద పెట్టకండి, గచ్చు కూడా ఆ వేడికి పెచ్చులూడుతుంది.

మొదట తెల్లటి చిక్కటి పొగ వస్తుంది, కళ్లు మండుతాయి, ఒక పది నిమిషాలకి పొగ పలచబడి కింద బొగ్గుల సందుల్లోంచి నారింజ రంగు కనిపిస్తుంది, ఆ తర్వాత మంట నాలుకలు పైదాకా వస్తాయి. అప్పుడే కంగారుపడి కుమ్మరించేయకండి. పైవరస బ్రికెట్ల అంచులు ముందు బూడిదరంగుకి తిరిగి, ఆ తెల్లదనం మెల్లగా మధ్యకి పాకుతుంది. నివురుగప్పిన నిప్పు అని మాటవరసకి అనేస్తుంటాం గానీ వంటకి కావలసిన నిప్పు సరిగ్గా అదే: పైన పలచగా నివురు, కింద కణకణలాడే ఎరుపు, మంట దాదాపు లేదు. ఇక్కడికి రావడానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. అప్పుడు తోలు గ్లవ్‌లు వేసుకుని, ఒక చేత్తో పిడి, రెండో చేత్తో తీగ పిడి పట్టుకుని మీ ఒంటికి దూరంగా వంచి పోయండి. ఆ సమయంలో చున్నీలు, పైటచెంగులు, వదులు చేతుల నైలాన్ బట్టలు దగ్గర్లో ఉండకూడదు.

లైటర్ ఫ్లూయిడ్ తప్పక వాడాల్సి వస్తే ముట్టించక ముందు ఒక్కసారే, సీసా మీద రాసినంతే పోసి, అది ఇంకనిచ్చి, మూత బిగించి సీసాని దూరంగా పెట్టి వచ్చాక అగ్గిపుల్ల గీయండి. ఆరిపోయింది కదా అని రెండోసారి పోయడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. లోపల ఎక్కడో రాజుకుని ఉన్న బొగ్గు మీద ఆ ద్రవం పడగానే ఆవిరైపోయి భగ్గుమంటుంది, మంట ఆ ధార వెంటే మీ చేతిలోని సీసా దాకా వస్తుంది. పెట్రోలు, కిరసనాయిలు, స్పిరిట్, శానిటైజర్ వీటి ఊసే వద్దు. "కొంచెమే పోశాను" అని ఫోన్లో చెప్పిన మా స్నేహితుడికి కనుబొమలు మళ్లీ రావడానికి నెలలు పట్టింది, కళ్లు దక్కడం అదృష్టం.

సగం ఖాళీగా వదిలేయండి

బొగ్గులన్నీ గ్రిల్‌లో ఒక పక్కకే నెట్టండి. రెండో పక్క పూర్తిగా ఖాళీ. చూడటానికి చోటు దండగ చేస్తున్నట్టుంటుంది, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను, ఇప్పుడు మాత్రం ఇది లేకుండా వండనే వండను. నిప్పు ఉన్న వైపు ముక్కకి రంగు వస్తుంది, ఖాళీ వైపు మూత కింద ఓవెన్‌లో ఉన్నట్టు లోపలిదాకా ఉడుకుతుంది. మంట లేస్తే ముక్కల్ని తప్పించడానికి చోటు కూడా అదే.

చికెన్ లెగ్ పీసులు ఖాళీ వైపు మొదలుపెట్టి, మూత వేసి, 30, 35 నిమిషాలు ఉడకనిచ్చి, చివరి నాలుగైదు నిమిషాలు నిప్పు మీదికి జరిపి తోలు కరకరలాడించండి. ముందే నిప్పు మీద పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉండటం ఖాయం. కొనమన్న రెండో వస్తువు థర్మామీటర్. ఎముకకి తగలకుండా కండలో లోతుగా గుచ్చితే చికెన్‌కి 165 డిగ్రీల ఫారెన్‌హీట్ (74 సెల్సియస్) చూపించాలి. మటన్ కీమా కబాబులకి 160. రంగు చూసి, రసం చూసి చెప్పేస్తాననే పెద్దవాళ్లుంటారు, వాళ్ల మీద గౌరవం ఉంది, అయినా గుచ్చి చూడండి.

వేడి ఎంతుందో తెలియాలంటే జాలీకి నాలుగైదు అంగుళాల పైన అరచెయ్యి పెట్టి లెక్కపెట్టండి. రెండు మూడు సెకన్లలో చెయ్యి లాగేసుకుంటే చాలా వేడి, నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే చికెన్‌కి సరైన వేడి. బొగ్గు ఎక్కువ పోసేశామని ఇప్పుడు తెలిస్తే? ముక్కలు పెట్టకండి. మూత వేసి, కింది గాలి కంత పావు వంతుకి తగ్గించి 20 నిమిషాలు ఆగండి. ఆకలితో అందరూ అడుగుతుంటారు, టెన్షన్ పడి పెట్టేస్తాం, నేను పాడుచేసింది అక్కడే. ఆలోపు పకోడీలేవో నడిపించండి.

మసాలాలో నూనె

మన మసాలా ఈ గ్రిల్‌కి తగ్గట్టు మార్చుకోవాలి, ఇది ఇంగ్లిష్ వీడియోల్లో చెప్పరు. మనం పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, గరం మసాలా కలిపి పైన గరిటెడు నూనె పోస్తాం. ఆ నూనె చుక్కలుగా నిప్పు మీద పడితే అగ్నికి ఆజ్యం పోసినట్టే. కిలో చికెన్‌కి రెండు చెంచాలకి మించి నూనె వద్దు, పెరుగు గుడ్డలో వడకట్టి గట్టిది వేయండి, ముక్కల్ని జాలీ మీద పెట్టే ముందు ఎక్కువైన మసాలా వేలితో తుడిచి దులపండి. తొడల దగ్గర వేలాడే కొవ్వు, తోలు అంచులు కత్తిరించండి. తేనె, బెల్లం, బాటిల్ సాసులు లాంటి తీపివి చివరి ఐదు నిమిషాల్లోనే రాయండి, ముందే రాస్తే మాడి చేదెక్కుతాయి. పైన నెయ్యి పూయాలనుంటే ముక్క పళ్లెంలోకి దిగాక పూయండి.

ఇంకో చిన్న మాట: జాలీ తోమే ఇనప తీగల బ్రష్షులోంచి ఊడిన సన్నని తీగ ముక్కకి అంటుకుని గొంతులోకి పోతే ఆపరేషన్ దాకా వెళుతుంది. వేడి జాలీని సగం కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి రుద్దితే శుభ్రంగా వస్తుంది.

గాలి చేతిలో ఉంటే నిప్పు చేతిలో ఉన్నట్టే

గ్రిల్ అడుగున, మూత మీద గాలి కంతలుంటాయి. కిందిది తెరిస్తే వేడి పెరుగుతుంది, మూసేకొద్దీ తగ్గుతుంది. మూతమీది కంత వండేటప్పుడు సగమైనా తెరిచి, ముక్కలున్న వైపుకి తిప్పి ఉంచండి. మూత ఎత్తి మాటిమాటికీ చూడటం వల్ల వేడి పోతుంది అనుకుంటారు, ముక్కకి అది నిజమే, బొగ్గుకి మాత్రం గాలి దొరికి ఇంకా రాజుకుంటుంది. పది నిమిషాలకోసారి చాలు. ఎత్తేటప్పుడు అవతలి అంచు ముందు లేపండి, వేడిగాలి మీ ముఖం వైపు కాకుండా అటు పోతుంది. గుడ్డు ఆకారంలో ఉండే మట్టి గ్రిల్ అయితే గాలి మూసి ఉంచిన తర్వాత ఒక్కసారిగా తెరవకండి, రెండు అంగుళాలు లేపి కొన్ని సెకన్లు ఆగి అప్పుడు పూర్తిగా తెరవండి, లేకపోతే లోపలికి గాలి దూరి మంట బయటికి తన్నుకొస్తుంది.

మంట లేచినప్పుడు

ఈ వరుస ముందే బట్టీ పట్టి ఉంచుకోండి. పిల్లల్ని దూరంగా పంపండి. పొడుగు పట్టకారుతో ముక్కల్ని ఖాళీ వైపు జరపండి, చెయ్యి పెట్టే వీలు లేకపోతే ముక్కల్ని వదిలేయండి. మూత వేయండి. కింది కంత, తర్వాత పైది మూయండి. అంతే, ఆగండి. గాలి అందక ఒకటి రెండు నిమిషాల్లో మంట పడిపోతుంది.

నీళ్లు పోయకూడదు. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు విస్తరిస్తాయి. కాలే నూనె కింద ఒక చెంబుడు నీళ్లు ఒక్కసారిగా ఆవిరైతే ఆ నూనె, నిప్పురవ్వలు, వేడి బూడిద అన్నీ కలిసి పోసినవాళ్ల ముఖం మీదికే వస్తాయి. మా మామయ్యగారు పల్లెటూళ్లో గడ్డివాములు అంటుకున్నప్పుడు ఆర్పినవారు, ఆయనకి తెలిసిన పద్ధతి అది, గడ్డివాముకి అదే సరైనది, నూనె మంటకి కాదు. కొవ్వు పేరుకున్నచోట చిన్న మంటైతే వంటసోడాగానీ ఇసుకగానీ గుప్పిళ్లతో చల్లండి. మైదా, గోధుమపిండి చల్లకండి, అవి అంటుకుంటాయి. నీళ్ల హోస్‌పైపు మాత్రం తెరిచి సిద్ధంగా ఉంచుకోవాలి, గ్రిల్ కోసం కాదు, పక్కన గడ్డో ఫెన్సో అంటుకుంటే తడపడానికి. మంట గ్రిల్ దాటి గోడకో కప్పుకో పాకితే ఇక మీరు ఆర్పే ప్రయత్నం మానేసి అందరినీ బయటికి తీసి 911కి, ఇండియాలో అయితే 101కిగానీ 112కిగానీ ఫోన్ చేయండి.

చెయ్యి కాలితే వెంటనే ఉంగరాలు, గాజులు తీసేసి కుళాయి కింద పెట్టండి, 20 నిమిషాలు గడియారం చూసుకుని. రెండు నిమిషాలకే హాయిగా ఉందని తీసేస్తారు, తీయకండి. ఐస్ వద్దు, పేస్టు వద్దు, పసుపు, సిరా, వెన్న ఏదీ వద్దు, అవన్నీ తర్వాత డాక్టరు కడగాల్సి వస్తుంది, ఆ నొప్పి ఇంకో రకం. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. ముఖం, చేతులు, కీళ్లు కాలినా, బొబ్బ మీ అరచేతికంటే పెద్దదైనా, కాలింది పసిపిల్లలకైనా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

బూడిద

భోజనాలయ్యాక అందరూ ఐస్‌క్రీముల్లో ఉంటారు, గ్రిల్ ఎవరికీ గుర్తుండదు. మూత వేసి కంతలన్నీ బిగించండి, ఆ రాత్రికి దాన్ని కదపకండి. బూడిద పూర్తిగా చల్లారడానికి 48 గంటలు ఇవ్వండి. పైన ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, లోపల గోళీకాయంత నిప్పు మర్నాటికి కూడా బతికే ఉంటుంది. మా వీధిలో ఒకరు ఆదివారం సాయంత్రం బూడిద చల్లారిందనుకుని ప్లాస్టిక్ చెత్త డబ్బాలో వేసి గ్యారేజీ గోడ పక్కన పెడితే తెల్లవారుజామున ఆ డబ్బా కరిగి గోడ అంటుకుంది, కుక్క అరవబట్టి నిద్రలేచారు. రేకు డబ్బా, రేకు మూత, ఇంటికి దూరంగా, అందులోనే వేయండి.

గాలి మూయడం వల్ల సగం కాలి మిగిలిపోయిన బొగ్గులు మాత్రం పారేయకండి. మూడోరోజు జాలీని ఒకసారి అటూఇటూ కుదిపితే బూడిద కిందికి రాలి అవి పైన మిగులుతాయి. మా గ్రిల్‌లో సాధారణంగా పదిహేను ఇరవై దాకా ఉంటాయి, వచ్చే శనివారం చిమ్నీలో కొత్తవాటితో కలిపి వాటినీ లెక్కలో వేసుకుంటాను.